రిక్వెస్ట్ అంతటికీ ఒకటే ట్రాన్సాక్షనా?

లోడ్ పెరిగినప్పుడల్లా ఆర్డర్ పెట్టే ఎండ్‌పాయింట్ (రిక్వెస్ట్ వచ్చి చేరే సర్వర్ అడ్రస్) ఒకటి చతికిలబడుతోంది, దాని మీద ఇద్దరి గొడవ ఇది. అన్న వాడేది పాత పద్ధతి: రిక్వెస్ట్ రాగానే మిడిల్‌వేర్ (ప్రతి రిక్వెస్ట్‌కీ ముందూ వెనకా నడిచే కోడ్) డేటాబేస్ సెషన్ తెరిచి ట్రాన్సాక్షన్ (పడితే అన్నీ పడాలి, లేదా ఏదీ పడకూడదు అనే మార్పుల కట్ట) మొదలుపెడుతుంది, చివర్లో కమిట్ (ఖాయం చెయ్యడం), తేడా వస్తే రోల్‌బ్యాక్ (మొత్తం వెనక్కి). తమ్ముడికి అది గిట్టదు, అసలు పని చేసే సర్వీసు ఫంక్షన్లలోనే చిన్న ట్రాన్సాక్షన్లు తెరవాలంటాడు.

అన్న: ఏరా, నాలుగు లైన్ల మిడిల్‌వేర్‌తో అయిపోయేదాన్ని సర్వీసుల నిండా చల్లుతానంటావా? ఇప్పుడైతే ఎవడు ఏం మర్చిపోయినా ఎక్సెప్షన్ వస్తే మొత్తం వెనక్కి పోతుంది, ఆర్డర్ పడి స్టాక్ తగ్గకపోవడం అనే మాటే లేదు.

తమ్ముడు: వెనక్కి పోయేది మన డేటాబేస్‌లోదే కదన్నా. మధ్యలో పేమెంట్ గేట్‌వే కాల్ ఉంది, డబ్బు కట్ అయ్యాక మన ఇన్సర్ట్ ఫెయిలైతే మన రో పోతుంది గానీ కస్టమర్ డబ్బు వెనక్కి రాదు. మెయిల్ కూడా అంతే, వెళ్లిపోయాక ఇంకేం చేస్తాం.

అన్న: మెయిల్‌ని కమిట్ అయ్యాక పంపు. జాంగో ఫ్రేమ్‌వర్క్‌లో ఆన్ కమిట్ హుక్ (కమిట్ అయ్యాకే నడిచే కోడ్) ఉన్నదే దానికి.

తమ్ముడు: సరే, మెయిల్ వదిలెయ్, కనెక్షన్ల లెక్క చూడు. మనం డేటాబేస్‌తో మాట్లాడే లైబ్రరీ ఎస్‌క్యూఎల్ ఆల్కెమీ, దాని పూల్ (తెరిచి ఉంచుకునే కనెక్షన్ల గుంపు) డిఫాల్ట్‌గా 5, ఓవర్‌ఫ్లో ఇంకో 10, కలిపి 15. గేట్‌వే 2 సెకన్లు తీసుకుందనుకో, ఆ 15 కనెక్షన్లూ ఏ పనీ లేకుండా దాని కోసం కూర్చుంటే ఒక ప్రాసెస్‌లో సెకనుకి ఏడెనిమిది ఆర్డర్లు దాటవు, 16వ వాడి నుంచి పూల్ దగ్గర లైను కడతారు, ఆ లైను పెరిగి 30 సెకన్లలో వంతు రానివాడు ఎర్రర్ తిని పోతాడు, అటు డేటాబేస్ సీపీయూ చూస్తేనేమో ఖాళీ.

అన్న: పూల్ పెంచు, దానికింత రాద్ధాంతమా.

తమ్ముడు: మన డేటాబేస్ పోస్ట్‌గ్రెస్‌లో డిఫాల్ట్ హద్దే 100 కనెక్షన్లు, మనవి 8 వర్కర్ ప్రాసెస్‌లు, పదిహేనేసి చొప్పున ఇప్పటికే 120. పైగా లాకులు! స్టాక్ రో అప్‌డేట్ చేసి గేట్‌వే కోసం ఆగితే కమిట్ దాకా ఆ లాక్ వదలదు, అదే ఐటమ్ కొనేవాళ్లంతా వెనకాల లైను కడతారు. ఉత్త సెలెక్ట్ (చదివే క్వెరీ) చేసి ట్రాన్సాక్షన్ తెరిచి వదిలేసినా ముప్పే, ఆ టేబుల్ మీద ఆల్టర్ (టేబుల్ ఆకారం మార్చే కమాండ్) పెడితే అది ఆగిపోతుంది, దాని వెనక వచ్చే మామూలు సెలెక్టులు కూడా ఆగిపోతాయి.

(ఇక్కడ అన్న కాసేపు మాట్లాడలేదు. మైగ్రేషన్ రోజు, అంటే టేబుళ్లు మార్చే రోజు, ఆ దెబ్బ తిన్నవాళ్లకి తెలుస్తుంది ఎందుకో.)

అన్న: ఒప్పుకున్నా. మరి నీ పద్ధతిలో ప్రతి ఫంక్షనూ తన కమిట్ తను కొట్టుకుంటే? సగం పని సేవ్ అయ్యి సగం పోతుంది. సెషన్ మూసేశాక టెంప్లేట్‌లో ఏదైనా అట్రిబ్యూట్ ముట్టుకుంటే లేజీ లోడింగ్ (అడిగినప్పుడే డేటాబేస్ నుంచి తేవడం) ఎర్రర్. జావా ఫ్రేమ్‌వర్క్ స్ప్రింగ్ బూట్ వాళ్లు ఓపెన్ ఇన్ వ్యూని (పేజీ తయారయ్యేదాకా సెషన్ తెరిచి ఉంచే సెట్టింగ్) డిఫాల్ట్‌గా ఆన్‌లో ఉంచింది ఊరికే కాదు.

తమ్ముడు: ఉంచారు, స్టార్ట్ అవుతున్నప్పుడే దాని మీద వార్నింగ్ కూడా వాళ్లే ప్రింట్ చేస్తారు! టెంప్లేట్ క్వెరీలు కొట్టడం వల్లే కదా 50 ఆర్డర్ల పేజీకి, లిస్టుకి ఒకటి, ఒక్కో ఆర్డర్‌కి ఇంకోటి చొప్పున 51 క్వెరీలయ్యేది. ఇంక కమిట్ సంగతి, కింది ఫంక్షన్లు అసలు కమిట్ చెయ్యకూడదు, పైన యూజ్‌కేస్ (ఒక పూర్తి పనిని నడిపే ఫంక్షన్) ఒక్కటే చెయ్యాలి. అప్పుడు సీరియలైజేషన్ ఫెయిల్యూర్ (ఒకేసారి నడిచే ట్రాన్సాక్షన్లు ఢీకొనడం), అదే ఎర్రర్ కోడ్ 40001 వస్తే ఆ బ్లాక్ ఒక్కటే మళ్లీ నడపొచ్చు. నీ దాంట్లో రిక్వెస్ట్ మొత్తం మళ్లీ నడపాలి, కార్డ్ రెండోసారి గీకుతావా?

అన్న: అంటే పెండింగ్ ఆర్డర్ రాసి స్టాక్ పక్కన పెట్టి కమిట్, తర్వాత గేట్‌వే, తర్వాత ఇంకో ట్రాన్సాక్షన్‌లో పెయిడ్. మధ్యలో ప్రాసెస్ చస్తే?

తమ్ముడు: పెండింగ్‌లోనే ఉంటుంది. ఐడెంపొటెన్సీ కీ (అదే పేమెంట్ రెండోసారి పడకుండా గుర్తుపట్టే కీ) ముందే రో లో ఉంది కాబట్టి ఒక జాబ్ దాంతో గేట్‌వేని అడిగి తేలుస్తుంది.

అన్న: ఇంకో జాబ్, ఇంకో స్టేటస్, పక్కన పెట్టిన స్టాక్ వదలడానికి ఇంకో కోడ్. బాగుంది వరస.

తమ్ముడు: పని ఎక్కువే అన్నా, కాదనను. కానీ ఆ పెండింగ్ ఇప్పుడూ ఉంది, మనం టేబుల్లో రాసుకోవట్లేదంతే.

అన్న: సరే, అడ్మిన్ ఫారాలకీ చదివే పేజీలకీ మిడిల్‌వేర్ ఇలాగే ఉండనీ. బయటికి కాల్ చేసేవి మూడున్నాయి, అవి విడదీద్దాం.

తమ్ముడు: స్టేజింగ్‌లో (టెస్టు సర్వర్లో) ఐడిల్ ఇన్ ట్రాన్సాక్షన్ టైమవుట్ కూడా పెడదాం, పోస్ట్‌గ్రెస్ 9.6 నుంచీ ఉంది, డిఫాల్ట్‌గా ఆఫ్. 1 సెకను పెట్టి వదిలితే ట్రాన్సాక్షన్ తెరిచి నిద్రపోయేవి వాటంతటవే బయటపడతాయి.

అన్న: మూడే అన్నాను కదరా.

తమ్ముడు: నాకు కోడ్‌లో గ్రెప్ (వెతికే కమాండ్) కొడితేనే ఏడు కనపడ్డాయి.