గంటంబావు విమానానికి ఆరు గంటల ప్రయాణం

హైదరాబాద్ నుంచి విశాఖకు విమానంలో ఎంతసేపు అని ఫోన్‌లో కొట్టి చూడండి. గంటంబావు అని వస్తుంది. ఆకాశమార్గాన దూరం 510 కిలోమీటర్లు, కాస్త అటూ ఇటూ. రెండూ నిజమే. కానీ ఆ గంటంబావును నమ్ముకుని ఇంట్లోంచి బయల్దేరినవాడు పెళ్లికి కాదు, పెళ్లి భోజనాలకు చేరతాడు.

అసలు ఆ గంటంబావే చూడండి. జెట్ విమానం పైకి వెళ్లాక గంటకు 800 కిలోమీటర్ల వేగంతో పోతుంది, ఆ లెక్కన ఈ దూరానికి 40 నిమిషాలు చాలు. మిగతాది రన్‌వే దాకా పాకడం, పైకెక్కడం, దిగడం, దిగడానికి ముందు వరసలో తిరగడం, వీటికితోడు లేటు బయటపడకుండా సంస్థలు ముందే కలుపుకునే నిమిషాలు. ఇరవై నిమిషాలు ఆలస్యంగా లేచిన విమానం కూడా ‘టైముకే’ దిగడం వెనకున్న కిటుకు ఇదే. మనమేమో పైలట్‌ను మెచ్చుకుంటాం.

ఇప్పుడు మా ఇంటి లెక్క. ఉదయం 9 గంటల విమానానికి కూకట్‌పల్లిలో 6 గంటలకు క్యాబ్ ఎక్కాలి, ఎందుకంటే గంట ముందే లగేజీ కౌంటర్ మూసేస్తారు, ఔటర్ రింగ్ రోడ్డు దాకా వెళ్లేలోపు ట్రాఫిక్ ఏం చేస్తుందో ఎవరికీ తెలీదు. బెల్టు తీసి, ల్యాప్‌టాప్ ట్రేలో పెట్టి, మళ్లీ బెల్టు పెట్టుకుని, గేటు దగ్గర గంట కూర్చుని, ఇంకా పిలవకముందే లేచి నిలబడి... పదింబావుకు దిగి, బ్యాగు వచ్చేదాకా బెల్టు చుట్టూ కాపలా కాసి, గాజువాకలో అక్క గుమ్మం తొక్కేసరికి పదకొండు. అంటే అయిదు గంటలు.

అదీ ఎయిర్‌పోర్టు గాజువాక పక్కనే ఉంటే. విశాఖ కొత్త ఎయిర్‌పోర్టు భోగాపురం నుంచి అయితే, అది విశాఖకు 45 కిలోమీటర్ల అవతల, గాజువాకకు ఇంకా ఎక్కువ. గాల్లో దూరం దాదాపు మారదు, టికెట్ మీద అదే గంటంబావు ఉంటుంది, ప్రయాణం మాత్రం ఆరు గంటలు దాటుతుంది. విజయనగరం, శ్రీకాకుళం వాళ్లకు మేలే, కాదనను. అనకాపల్లి వాళ్లను అడగండి మరి.

పొద్దున వెళ్లి రాత్రికి తిరిగి రావాల్సినవాళ్లకు విమానం తప్ప దారి లేదు, ఒప్పుకుంటాను. వాళ్లు ఎంతమంది?

2023 జనవరిలో మొదలైన సికింద్రాబాద్-విశాఖ వందే భారత్ 699 కిలోమీటర్లకు ఎనిమిదిన్నర గంటలు తీసుకుంటోంది. సగటున గంటకు 82 కిలోమీటర్లు. 160 మీద పోవడానికి తయారుచేసిన బండికిది అవమానం. సగటును 110కి తెస్తే ఆరు గంటల ఇరవై నిమిషాలు, దిగేది ఊరి నడిబొడ్డున. భోగాపురం లెక్కకు ఎంత దగ్గరో చూడండి! కానీ మన నాయకులకు పట్టాలంటే మోజు లేదు, రిబ్బన్ కత్తిరిస్తే టెర్మినల్‌కే కత్తిరించాలి. ఢిల్లీలో 2011లోనే ఎయిర్‌పోర్టుకు మెట్రో వచ్చింది, చెన్నైలో 2016లో వచ్చింది. శంషాబాద్ తెరిచింది 2008లో. 2022 డిసెంబరులో ఎయిర్‌పోర్టు మెట్రోకు శంకుస్థాపన చేశారు, తర్వాత ప్రభుత్వం మారింది, రూటూ మారింది. నేనింకా పొద్దున్నే ఆరింటికి క్యాబ్ కోసం గేటు దగ్గర నిలబడుతున్నాను.