సవరణ: యాంటెన్నా బూస్టర్ వైరు పసుపుకు కాదు, నీలానికి

కారులో కొత్త స్టీరియో పెట్టించాక నెల్లూరు దాటి కావలి వైపు వెళ్తుంటే ఎఫ్‌ఎం బరబరమంటోందా, యాంటెన్నా బూస్టర్ (రేడియో సిగ్నల్‌ను పెంచే పరికరం) వైరును స్టీరియో పసుపు వైరుకు కలపండి అని మొన్న రాశాను. అది తప్పు. పసుపు నేరుగా బ్యాటరీది. బండి ఆపినా బూస్టర్ కరెంటు లాగుతూనే ఉంటుంది, రోజుల తరబడి కదలని బండిలో బ్యాటరీ దిగిపోతుంది. స్టీరియోలతో వచ్చే వైరింగ్ పటాల ప్రకారం కలపాల్సింది గీత లేని నీలం వైరుకు. రేడియో వేశాక అందులో 12 వోల్టులు వస్తున్నాయో లేదో మల్టీమీటరుతో చూసుకోండి. తెల్లగీత ఉన్న నీలం ఆంప్లిఫయర్ రిమోట్‌ది, అంటే ఆంప్లిఫయర్‌ను ఆన్ చేసే వైరు. ఉత్త నీలం లేని సెట్లలో దాన్నే వాడొచ్చు.

ఫోక్స్‌వ్యాగన్, స్కోడా బళ్లలో చాలావాటికి బూస్టర్‌కు వేరే వైరుండదు, కరెంటు యాంటెన్నా కేబుల్‌లోంచే పోవాలి. మధ్యలో ఆ కేబుల్‌లోకి కరెంటు ఎక్కించే ఫాంటమ్ పవర్ అడాప్టర్ పెట్టి, దాని వైరును నీలానికి కలపాలి.