సంత ఎక్కడ పెట్టాలో కూడా మాట్లాడుకోవాలి

నైజీరియాలో క్రైస్తవులను ఊచకోత కోస్తున్నారంటూ అమెరికా అధ్యక్షుడు ట్రంప్ 2025 అక్టోబరు 31న ఆ దేశాన్ని మత స్వేచ్ఛ కరువైన దేశాల జాబితాలో చేర్చారు. మర్నాడే సైన్యాన్ని పంపిస్తామని బెదిరించారు. క్రిస్మస్ నాడు సొకోటో రాష్ట్రంలో ఐసిస్ శిబిరాల మీద అమెరికా దాడులు చేసింది. అప్పటి నుంచీ నైజీరియా మాట వస్తే చాలు, ఒకటే ప్రశ్న వినిపిస్తోంది: అక్కడ చనిపోతున్నది క్రైస్తవులా, ముస్లింలా?

ఇద్దరూ చనిపోతున్నారు. 2025 జూన్‌లో బెన్యూ రాష్ట్రంలోని యెల్వాటాలో రాత్రివేళ వందమందికి పైగా ప్రాణాలు తీశారు. చనిపోయినవాళ్లు క్రైస్తవ రైతు కుటుంబాలవాళ్లు. ఆగస్టులో కట్సినా రాష్ట్రంలోని ఒక పల్లెలో తెల్లవారుజామున మసీదులో నమాజు చేసుకుంటున్నవాళ్లను కాల్చి చంపారు. ఏ ఊరి దుఃఖం ఆ ఊరిదే, ఏదీ చిన్నది కాదు. కానీ శవాలను మతంవారీగా లెక్కగట్టి ఒక వైపు లెక్కను మాత్రమే ప్రపంచం ముందు పెడితే, ఆ దేశంలో పక్కపక్క వీధుల్లో బతకాల్సిన మనుషుల మధ్య మాట ఆగిపోతుంది. మాట ఆగిపోతే ఏమవుతుందో, తిరిగి మొదలైతే ఏమవుతుందో, రెండూ చూసిన చోటు ఆ దేశంలోనే ఉంది. అది కదూనా.

కదూనా రాష్ట్రం దక్షిణ భాగంలో జంగాన్ కతాఫ్ అనే పట్నం ఉంది. చుట్టుపక్కల పల్లెల్లో వ్యవసాయం చేసే అత్యాప్ తెగవాళ్లలో ఎక్కువమంది క్రైస్తవులు. పట్నంలో తరతరాలుగా వ్యాపారం చేస్తున్న హౌసాలు ముస్లింలు. 1992 ఫిబ్రవరిలో అక్కడి స్థానిక ప్రభుత్వం సంతను ఒక చోటి నుంచి ఇంకో చోటికి మార్చింది. అంతే, గొడవ మొదలైంది. మే నెలలో మళ్లీ రాజుకుంది. శవాలు కదూనా నగరానికి చేరాక నగరం కూడా అంటుకుంది. వందల మంది పోయారు. చరిత్రలో దీన్ని మత కలహం అని రాస్తున్నారు. అబద్ధమని అనలేం. కానీ మొదట్లో అక్కడ తేలాల్సింది దేవుడు ఒక్కడా, ముగ్గురా అన్నది కాదు. సంత ఎవరి నేల మీద జరగాలి, దుకాణం ఎవరి చేతిలో ఉండాలి, ఊరికి పెద్ద ఎవరు అన్నవే అక్కడి ప్రశ్నలు.

ఆ కొట్లాటల్లో క్రైస్తవ యువకుల వైపు నిలబడిన జేమ్స్ వుయే తన కుడి చేతిని పోగొట్టుకున్నారు. ముస్లిం యువకుల వైపు నిలబడిన ముహమ్మద్ అషాఫా తన వృద్ధ గురువునూ, ఇద్దరు దాయాది సోదరులనూ పోగొట్టుకున్నారు. ఒకరి పేరు వింటే ఇంకొకరికి రక్తం మరిగేది. 1995లో ఒక ప్రభుత్వ సమావేశానికి ఇద్దరూ వచ్చారు. ఇద్దరినీ ఎరిగిన ఒక విలేకరి వాళ్ల చేతులు కలిపి, ఈ రాష్ట్రంలో శాంతి మీ ఇద్దరి చేతుల్లో ఉందని చెప్పారు. ఒక పత్రికగా ఆ విలేకరిని తలుచుకోకుండా ముందుకు పోలేం. ఆయన రాసిన వార్తలు ఎవరికి గుర్తున్నాయో తెలియదు గానీ, ఆ రోజు చేసిన పని ఇప్పటికీ నిలబడి ఉంది.

చేతులు కలిపినంత మాత్రాన మనసులు కలవలేదు. మసీదులో క్షమ గురించి విన్న ఒక ప్రసంగం అషాఫాను నిద్రపోనివ్వలేదు. అరేబియాలోని తాయిఫ్ పట్నం జనం రాళ్లతో కొట్టినా ప్రవక్త వాళ్లను శపించలేదన్నది ఆ ప్రసంగం సారం. వుయే తల్లి జబ్బుపడితే అషాఫా వెళ్లి పలకరించి వచ్చారు. అయినా వుయేలో కసి చల్లారలేదు. ప్రయాణాల్లో ఇద్దరూ ఒకే గదిలో పడుకోవాల్సి వచ్చినప్పుడు, పక్కన నిద్రపోతున్న మనిషి ముఖం మీద దిండు అదిమి ప్రాణం తీసేయాలన్న ఆలోచన వచ్చిందని ఆయనే తర్వాత చెప్పుకున్నారు. ద్వేషం నింపుకున్న గుండెతో క్రీస్తును బోధించలేవని ఒక తోటి పాస్టరు అన్న మాటతో ఆయన మారడం మొదలుపెట్టారు. ఇద్దరికీ ఒకరి మీద ఒకరికి నమ్మకం కుదరడానికి ఏళ్లు పట్టింది. ఇద్దరూ కలిసి కదూనాలో మతాల మధ్య మధ్యవర్తిత్వం చేసే సంస్థను పెట్టారు. అందులో ఎవరూ తమ మతాన్ని పలచన చేసుకోలేదు. ఎదుటివాడు కూడా తన దారిలోకి వస్తే బాగుండునన్న కోరికను ఇద్దరిలో ఎవరూ దాచుకోలేదు. అదే వాళ్ల మాటకు బలమని మేం నమ్ముతున్నాం. అన్ని మతాలూ ఒకటేనని చెబితే సభలో చప్పట్లు పడతాయి గానీ, తన మతమే నిజమని నమ్మే మనిషి ఆ సభకు రాడు. గొడవలో దిగేది, గొడవను ఆపగలిగేది కూడా ఆ రాని మనిషే.

వాళ్ల పద్ధతి ఏమిటో ప్లాటో రాష్ట్రంలోని యెల్వాలో బాగా కనబడింది. 2004 ఫిబ్రవరిలో అక్కడ డెబ్బై మందికి పైగా క్రైస్తవులను చంపారు, వాళ్లలో చాలామంది చర్చి ఆవరణలోనే ప్రాణాలు వదిలారు. మే నెల మొదట్లో దానికి ప్రతీకారంగా ఆరువందల మందికి పైగా ముస్లింలను చంపారు. దేశాధ్యక్షుడు ఒబసాంజో ఆ రాష్ట్రంలో ఎమర్జెన్సీ పెట్టి గవర్నర్‌ను ఆరు నెలలు పక్కన పెట్టాల్సి వచ్చింది. అలాంటి చోటుకు ఇమాము అషాఫా, పాస్టరు వుయే వెళ్లి రెండు వైపుల పెద్దలను, యువకులను, స్త్రీలను రోజుల తరబడి ఒకే చోట కూర్చోబెట్టారు. ముందుగా కోపమంతా బయటికి రానిచ్చారు. తర్వాత ఖురాన్ నుంచి ఒకరు, బైబిల్ నుంచి ఒకరు వాక్యాలు తీశారు. వాక్యాల దగ్గరే ఆగిపోలేదు. ఎత్తుకుపోయిన ఆడవాళ్లు, పిల్లలు ఎక్కడున్నారు, ఊరి పెద్దరికం ఎవరిది, భూమి ఎవరిది, ఎదుటివాళ్లను ఏ పేర్లతో కించపరుస్తున్నాం అన్నవి ఒక్కొక్కటిగా చెప్పించి, రాయించి, ఒప్పందం చేయించారు.

ఈ పట్టికలో దేవుడి గురించి ఒక్క అంశం కూడా లేకపోవడం గమనించాలి. నైజీరియాలో ‘ఇండిజీన్ సర్టిఫికెట్’ అనే కాగితం ఒకటుంది. మీరు ఈ నేల మనిషేనని స్థానిక ప్రభుత్వం ఇచ్చే ధ్రువపత్రం అది. ఉంటే ప్రభుత్వ ఉద్యోగం, స్కాలర్‌షిప్, కాలేజీ సీటు దొరుకుతాయి. లేకపోతే తాత ముత్తాతల నాటి నుంచి అక్కడే ఉన్నా బయటివాడే. ముల్కీ నిబంధనల మీద 1952లో, 1969లో వీధుల్లోకి వచ్చిన తెలుగు నేలకు ఆ కాగితం బరువు ఎంతో వివరించనక్కర్లేదు. అక్కడ చాలా చోట్ల ఆ కాగితం ఉన్నవాడు క్రైస్తవుడు, లేనివాడు ముస్లిం. ఇంకొన్ని చోట్ల అటుది ఇటు. అందుకే ఆ కాగితం గురించి మాట్లాడని సర్వమత సమావేశం ఎంత గొప్పగా జరిగినా అక్కడివాళ్లకు ఒరిగేది తక్కువ.

సభలకు, ప్రకటనలకు ప్రపంచంలో లోటు లేదు. 2019 ఫిబ్రవరి 4న అబుదాబిలో పోప్ ఫ్రాన్సిస్, ఈజిప్టులోని అల్ అజ్హర్ ఇస్లామిక్ విద్యాకేంద్రం పెద్ద ఇమాము అహ్మద్ అల్ తయ్యిబ్ మానవ సోదరభావ పత్రం మీద సంతకాలు చేశారు. దాన్ని మేం తక్కువ చేయడం లేదు. ఆ ఇద్దరూ పక్కపక్కన కూర్చున్న ఫొటో చూసి ఎన్నో పల్లెల్లో మనుషులకు ధైర్యం వచ్చి ఉంటుంది. కానీ ఆ ధైర్యం సంత దాకా, పంచాయతీ దాకా, ఎన్నికల బూత్ దాకా నడవాలి. అక్కడికి నడిపించడానికి దెబ్బలు తిన్న స్థానికులే కావాలి.

కదూనా కథలో ఓటములు కూడా ఉన్నాయి. 2000 ఫిబ్రవరిలో షరియా నేర చట్టం తేవాలన్న ప్రతిపాదన మీద నగరం తగలబడింది, వెయ్యి మందికి పైగా చనిపోయారు. నదికి ఉత్తరాన ముస్లింలు, దక్షిణాన క్రైస్తవులుగా జనం ఇళ్లు మార్చుకున్నారు. తర్వాత ముస్లింలకు షరియా కోర్టులు, మిగతావాళ్లకు సంప్రదాయ కోర్టులు అన్న మధ్యేమార్గం కుదిరింది. 2002 ఆగస్టులో రెండు మతాల పెద్దలు శాంతి ప్రకటన మీద సంతకాలు పెట్టారు. నవంబరులో మిస్ వరల్డ్ పోటీల గురించి ఒక పత్రికలో వచ్చిన రాత మీద మళ్లీ అల్లర్లు జరిగి రెండువందల మంది దాకా పోయారు. ఒక్క వాక్యం ఎంత పని చేయగలదో పత్రికలవాళ్లం మేం కూడా గుర్తుపెట్టుకోవాల్సిన రోజు అది. 2011 అధ్యక్ష ఎన్నికల్లో క్రైస్తవుడైన జొనాథన్ చేతిలో ముస్లిం అయిన బుహారీ ఓడిపోయాక ఉత్తర రాష్ట్రాల్లో చెలరేగిన హింసలో ఎక్కువ ప్రాణాలు పోయింది కదూనాలోనే. ఇంత మధ్యవర్తిత్వం జరిగినా ఇలా అయిందంటే ఇక మాటలెందుకు అని అడిగేవాళ్లుంటారు. ఆ ప్రశ్న న్యాయమైనదే.

జవాబు 2015లో దొరుకుతుంది. మళ్లీ అదే ఇద్దరు పోటీ. 2011 కన్నా ఘోరం జరుగుతుందని దేశమంతా టెన్షన్. జనవరిలో ఇద్దరినీ అబుజాలో కూర్చోబెట్టి, హింసను రెచ్చగొట్టబోమని, ప్రచారంలో మతాన్ని వాడబోమని సంతకాలు చేయించారు. తర్వాత మాజీ దేశాధినేత అబ్దుల్‌సలామి అబూబకర్ అధ్యక్షతన జాతీయ శాంతి కమిటీ పని చేసింది. నైజీరియా ముస్లింలకు మతపెద్ద అయిన సొకోటో సుల్తాను, కాథలిక్ కార్డినల్ ఒనైయెకాన్ అందులో ఉన్నారు. కమిటీని నడిపించినవాళ్లలో ముఖ్యులు బిషప్ మాథ్యూ కుకా. ఆయన పుట్టింది 1992లో సంత గొడవ రేగిన జంగాన్ కతాఫ్ ప్రాంతంలోనే. బిషప్‌గా ఉంటున్నది సుల్తాను కొలువున్న సొకోటోలో. మార్చి 31న జొనాథన్ తానే బుహారీకి ఫోన్ చేసి ఓటమి ఒప్పుకున్నారు. అందరూ భయపడిన మంట రేగలేదు. దానికి మతపెద్దల మాట ఒక్కటే కారణమని మేం చెప్పం. కానీ ఓడినవాడికి గౌరవంగా తప్పుకునే దారి ముందే వేసి ఉంచిన వాళ్లలో వాళ్లున్నారు. మతం, రాజకీయం రెండూ కలిపి మాట్లాడటానికి వాళ్లు భయపడలేదు.

ఆ ధైర్యం ఇప్పుడు తగ్గుతోంది. 2023లో పాలక పార్టీ అధ్యక్ష, ఉపాధ్యక్ష పదవులు రెండింటికీ ముస్లింలనే నిలబెట్టింది. టినుబు, షెట్టిమా గెలిచారు. క్రైస్తవ సంఘాలు ముందే తీవ్రంగా అభ్యంతరం చెప్పాయి. కదూనాలో గవర్నర్, డిప్యూటీ గవర్నర్ పదవులు 2019 నుంచి ఇలాగే ఉన్నాయి. చట్టప్రకారం తప్పేమీ లేదు. కానీ ఒకరు వాళ్లు, ఒకరు వీళ్లు అన్న పాత ఆనవాయితీని పక్కన పెట్టేటప్పుడు రెండో వైపువాళ్లతో ఒక్క మాట మాట్లాడి ఉండాల్సింది. ఆ మాట జరగనందువల్లే దక్షిణ కదూనా పల్లెల్లో కనిపిస్తున్న అపనమ్మకం వాషింగ్టన్‌లో ఉపన్యాసాలకు ముడిసరుకు అయింది.

మన దగ్గరా ఇఫ్తార్ విందులు, క్రిస్మస్ విందులు ప్రభుత్వాలే ఇస్తున్నాయి. పండుగల ముందు పోలీస్ స్టేషన్లలో శాంతి కమిటీలు కూర్చుంటున్నాయి. మంచిదే. తెలుగు ముస్లింలు, క్రైస్తవులు కలిసి మాట్లాడుకోవాల్సిన గట్టి విషయాలు మాత్రం విందు బల్ల మీదికి రావు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు వల్ల దళితుడు ఇస్లాంలోకో క్రైస్తవంలోకో వెళితే ఎస్సీ హోదా పోతుంది. సిక్కులకు 1956లో, బౌద్ధులకు 1990లో ఆ తలుపు తెరిచారు. దళిత క్రైస్తవులు బీసీ-సీలో, ముస్లింలలోని కొన్ని వర్గాలు బీసీ-ఈలో ఎవరి శాతం వాళ్లు కాపాడుకునే పనిలో ఉన్నారు. ఈ రెండు వైపుల పెద్దలూ కోర్టు తీర్పు కోసమో, ఎన్నికల మేనిఫెస్టో కోసమో ఎదురుచూడకుండా ఒక చోట కూర్చుంటే మేం సంతోషిస్తాం.

నైజీరియాలో 2027లో మళ్లీ ఎన్నికలు. అమెరికా తన విమానాలు ఎక్కడికి వెళ్లాలో నిర్ణయించుకునే ముందు, ఇమాములతో, పాస్టర్లతో ఒకసారి మాట్లాడాలి. టినుబు ప్రభుత్వం ఇండిజీన్ సర్టిఫికెట్ విషయం తేల్చాలి. ఎన్నేళ్లు నివసిస్తే హక్కు వస్తుందో చట్టంలో రాయాలి. పార్టీలు టికెట్లు ఖరారు చేసేలోపే కదూనాలోనూ ప్లాటోలోనూ రెండు వైపుల పెద్దలను కూర్చోబెట్టి, ఏ పదవి ఎవరికి, ఎందుకు అన్నది బయటపెట్టి మాట్లాడించాలి. మొదటి సమావేశం జంగాన్ కతాఫ్‌లో, సంత రోజున పెడితే బాగుంటుంది.