చెప్పినందుకా ఈ శిక్ష?

దక్షిణాఫ్రికా శాస్త్రవేత్తలు చేసిన నేరమేమిటి? కరోనా వైరస్ మరో కొత్త రూపంలో తిరుగుతోందని పసిగట్టారు. దాచలేదు. 2021 నవంబరు 24న ప్రపంచ ఆరోగ్య సంస్థకు తెలియజేశారు. మర్నాడు విలేకరుల ముందు కూర్చుని లోకానికంతటికీ చెప్పారు. ఆ రాత్రికే బ్రిటన్ ఆరు ఆఫ్రికా దేశాలను రెడ్ లిస్టులో పెట్టి విమానాలు ఆపేస్తున్నట్టు ప్రకటించింది. 26న ఐరోపా దేశాలు అదే బాట పట్టాయి. అమెరికా ఇంకో రెండు పేర్లు కలిపి ఎనిమిది చేసింది. ఆ కొత్త రకానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒమిక్రాన్ అని పేరు పెట్టిన రోజునే, దాని ఆచూకీ చెప్పినవాళ్ల ముఖాన తలుపులు పడ్డాయి.

యథార్థవాది లోకవిరోధి అంటారు. ఆ మాటకు ఇంతకన్నా మంచి ఉదాహరణ ఈ మధ్యకాలంలో మాకు కనిపించలేదు.

ఆంక్షలతో కొంత సమయం దొరుకుతుందనీ, ఆ వ్యవధిలో ఆస్పత్రులను సిద్ధం చేసుకోవచ్చనీ, టీకాలు వేగిరం చేయవచ్చనీ వాదించేవారున్నారు. అది పూర్తిగా కొట్టిపారేయదగ్గ వాదనేమీ కాదు. కానీ దొరికిన సమయాన్ని ఏం చేశారన్నది చూడాలి కదా. 2020 ఫిబ్రవరి మొదట్లోనే అమెరికా చైనా నుంచి రాకపోకలపై ఆంక్షలు పెట్టింది. సొంత పౌరులకు మినహాయింపు ఇచ్చింది. చైనా వైపు కాపలా కాస్తూ కూర్చుంటే న్యూయార్క్‌కు వైరస్ ఎక్కువగా ఐరోపా నుంచి వచ్చిపడింది. తర్వాత జన్యు పరిశోధనల్లో తేలిన సంగతి ఇది. దొరికిన ఆ కొద్ది వారాల్లో సరిపడా టెస్టు కిట్లు కూడా తయారు చేసుకోలేకపోయారు.

2021లో కథ ఇంకా విడ్డూరంగా నడిచింది. నెదర్లాండ్స్‌లో నవంబరు 19న, 23న తీసిన నమూనాల్లో ఒమిక్రాన్ ఉందని ఆ దేశ ఆరోగ్య సంస్థే 30వ తేదీన చెప్పింది. అంటే దక్షిణాఫ్రికా నోరు విప్పేసరికే అది ఐరోపాలో ఉంది! బెల్జియంలో బయటపడిన మొదటి మహిళ వచ్చింది దక్షిణ ఆఫ్రికా ప్రాంతం నుంచి కాదు, ఈజిప్టు నుంచి, తుర్కియే మీదుగా. మరి ఈజిప్టును ఆపారా? నెదర్లాండ్స్‌ను, బెల్జియంను అమెరికా తన జాబితాలో చేర్చిందా? లేదు. ఆంక్షలు ప్రకటించిన రోజుకు ఒమిక్రాన్ కేసు ఒక్కటీ బయటపడని మలావీ మాత్రం ఆ జాబితాలో ఉంది. ఇది సైన్స్ కాదు, ఆఫ్రికా అంటే భయమని మలావీ అప్పటి అధ్యక్షుడు మండిపడితే తప్పెలా అవుతుంది? ఐక్యరాజ్య సమితి ప్రధాన కార్యదర్శి గుటెరస్ ఇంకో అడుగు ముందుకేసి దీన్ని ప్రయాణ వర్ణవివక్ష అన్నారు.

ఇజ్రాయెల్, జపాన్ విదేశీయులెవరూ రావద్దన్నాయి. మొరాకో అయితే బయటి నుంచి వచ్చే ప్రయాణికుల విమానాలన్నీ ఆపేసింది. అవి చేసింది సరైనదని మేమనడం లేదు. తలుపు వేస్తే రంగు చూడకుండా అందరికీ వేశాయి, అంతవరకు నయం.

మమ్మల్ని ఎక్కువగా కలవరపెడుతున్నది ఆ వారం ఎవరి టికెట్లు రద్దయ్యాయన్నది కాదు. రేపు మరో దేశంలో, మరో ప్రయోగశాలలో, ఒక శాస్త్రవేత్త తెర మీద ఇలాంటి వింత నమూనానే చూస్తాడు. పై అధికారికి చెబుతాడు. ఆ అధికారి మంత్రికి చెప్పే ముందు దక్షిణాఫ్రికాకు ఏమైందో గుర్తు చేసుకుంటాడు. పర్యాటకం పడకేస్తుంది, కరెన్సీ పడిపోతుంది, విమానాలు ఆగిపోతాయి. ‘మరో వారం చూద్దాంలే, ఇంకాస్త నిర్ధారణ కానీ’ అనిపించదా? ఆ ఒక్క వారం చాలు.

ఎంత చాలో 2003లో చూశాం. సార్స్ అనే శ్వాసకోశ వ్యాధి 2002 నవంబరులో చైనాలోని గ్వాంగ్‌డాంగ్‌లో మొదలైంది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు అధికారికంగా సమాచారం అందింది 2003 ఫిబ్రవరిలో. అదే నెల 21న గ్వాంగ్‌డాంగ్ నుంచి వచ్చిన ఒక వైద్యుడు హాంకాంగ్‌లో ఒక హోటల్లో దిగాడు. ఆయనకు తెలియకుండానే తోటి అతిథులకు జబ్బు అంటింది. వాళ్లు ఎవరి దారిన వారు విమానాలెక్కారు. హనోయికి, సింగపూర్‌కు, టొరంటోకు సార్స్ అలా చేరింది. ఎనిమిది వేల మందికి పైగా దాని బారిన పడ్డారు, 774 మంది చనిపోయారు. దాచిపెట్టిన దేశాన్ని అప్పుడు అందరూ తిట్టారు. దాచని దేశానికి 2021లో పడిన శిక్ష చూశాక, ఇంతకీ ఏది చేయమంటారు? దాచమంటారా, చెప్పమంటారా?

సార్స్ దెబ్బ తగిలాకే ప్రపంచ దేశాలన్నీ కూర్చుని 2005లో అంతర్జాతీయ ఆరోగ్య నిబంధనలను తిరగరాసుకున్నాయి. వాటిలోని బేరం సూటిగానే ఉంటుంది. జబ్బు కనిపించిన దేశం వెంటనే చెప్పాలి. మిగతా దేశాలు కారణం లేకుండా దారులు మూయకూడదు. ప్రయాణికులను రానివ్వకపోయినా, ఇరవై నాలుగు గంటలకు మించి ఆపినా, దానికి శాస్త్రీయ ఆధారం ఏమిటో 48 గంటల్లో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెప్పుకోవాలి. దక్షిణాఫ్రికా తన వంతు మాట నిలబెట్టుకుంది. అటువైపు సంతకాలు చేసినవాళ్లే మాట తప్పారు. గుండుగుత్త నిషేధాలు వైరస్‌ను ఆపలేవని, పైగా సమాచారం చెప్పే దేశాలను వెనకాడేలా చేస్తాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 నవంబరు 30న మళ్లీ మొత్తుకుంది. ఎవరు విన్నారు?

ఆ దేశాలు వినకపోతే పోయె, మనమైనా ఈ మాట మరవకూడదు. 1994లో సూరత్ ప్లేగు వార్త బయటికి పొక్కగానే గల్ఫ్ సహా పలు దేశాలు మనకు విమానాలు ఆపేశాయి. అంత వెనక్కి వెళ్లడం దేనికి, 2021 వేసవి చాలదా? తర్వాత డెల్టా అని పేరుపడిన కరోనా రకాన్ని చూపి ఏప్రిల్‌లో బ్రిటన్ మనల్ని రెడ్ లిస్టులో పెట్టింది. మే నెలలో ఆస్ట్రేలియా మన దేశంలో చిక్కుకున్న తన సొంత పౌరులు ఇంటికొస్తే ఐదేళ్ల దాకా జైలేనంది. అమెరికా తలుపు మే మొదట్లో మూసుకుంటే నవంబరు 8 దాకా పూర్తిగా తెరుచుకోలేదు. వీసా చేతిలో పెట్టుకుని ఎదురుచూసిన విద్యార్థుల, పిల్లల దగ్గరికి వెళ్లలేకపోయిన తల్లిదండ్రుల టెన్షన్ ఎలా ఉంటుందో ఈ పత్రిక పాఠకులకు మేం చెప్పనక్కర్లేదు. అలాంటి చోట ఒమిక్రాన్ రాగానే కొందరు నాయకులు ఆఫ్రికా విమానాలు తక్షణం ఆపాలని కేకలేశారు. ఏడు నెలలకే ఇంత మరుపా?

మన కేంద్ర ప్రభుత్వం ఈ విషయంలో అప్పట్లో కాస్త నిదానంగానే వ్యవహరించింది. రిస్కు ఉన్న దేశాల నుంచి వచ్చేవారందరికీ దిగగానే పరీక్ష, ఫలితం వచ్చేదాకా ఎయిర్‌పోర్టులోనే నిరీక్షణ, నెగెటివ్ వచ్చినా ఏడు రోజులు ఇంట్లో ఒంటరిగా ఉండి ఎనిమిదో రోజు మళ్లీ పరీక్ష. 2021 డిసెంబరు 1 నుంచి ఇది అమల్లోకి వచ్చింది. జాబితాలో ఆఫ్రికా దేశాలతో పాటు బ్రిటన్, ఐరోపా కూడా ఉండేవి. ప్రయాణికుడికి ఇబ్బందే, కాదనం. అయినా మనిషిని వెనక్కి తరమకుండా వైరస్‌ను వెతికే పద్ధతి ఇదే. డిసెంబరు 2న కర్ణాటకలో బయటపడిన తొలి రెండు కేసులు చూడండి. ఒకరు నెగెటివ్ రిపోర్టుతో విదేశం నుంచి వచ్చినవారు, ఇక్కడ దిగాక చేసిన పరీక్షలో దొరికారు. రెండోవారు స్థానిక వైద్యుడు, ఏ విదేశానికీ వెళ్లలేదు. మొదటివారిని పట్టుకున్నది పరీక్ష. రెండోవారిని ఏ విమాన నిషేధం ఆపగలిగేది?

నిషేధాలు వద్దంటే ఇష్టమొచ్చినట్టు తిరగమని కాదు. వాయిదా వేసుకోగలిగిన ప్రయాణం అలాంటప్పుడు వాయిదా వేసుకోవాల్సిందే. అరవై దాటినవారు, వేరే జబ్బులున్నవారు, టీకా రెండు డోసులూ పడకుండా ఉంటే ఆగమని ప్రపంచ ఆరోగ్య సంస్థ అప్పుడు చెప్పింది. ఒంట్లో బాగాలేనివారు ఎవరైనా సరే ఆగాలి. తప్పనిసరై బయల్దేరినవారు నెగెటివ్ కాగితాన్ని తాయెత్తులా చూడకూడదు. వైరస్ సోకాక లక్షణాలు కనబడటానికి రెండు వారాల దాకా పట్టొచ్చు. నిన్న తీసిన నమూనా నిన్నటి సంగతే చెబుతుంది. బోర్డింగ్ క్యూలో, భోజనం ట్రే ముందు, బస్సులో, ఎక్కడా మాస్కు గడ్డం కిందికి జారకూడదు. దిగాక కొన్నాళ్లు ఇంట్లో పెద్దవాళ్లకు దూరంగా ఉండాలి. ఇదంతా అప్పటికి రెండేళ్లుగా విని విని విసుగెత్తిన మాటే. విసుగెత్తిందని వైరస్ ఊరుకోదు కదా.

ఇక ఆంక్షలు పెట్టిన ప్రభుత్వాలు కొన్నింటికి జవాబు చెప్పాలి. ఏ ఆధారంతో ఆ ఎనిమిది దేశాలనే ఎంచుకున్నారు? 48 గంటల్లో ఇవ్వాల్సిన వివరణ ఏది? తమ దేశ పాస్‌పోర్టు ఉన్నవారికి మినహాయింపు ఎందుకు ఇచ్చారు, వైరస్ ఇమిగ్రేషన్ కౌంటర్లో పాస్‌పోర్టు చూసి దిగుతుందా? అప్పటికి ఆఫ్రికా జనాభాలో టీకా పూర్తయినవారు పది శాతం కూడా లేరు. సంపన్న దేశాలు డోసులు గుట్టలు పోసుకుని, అవతలివారికి అందనివ్వకుండా, తీరా అక్కడినుంచి కొత్త రకం వచ్చిందని ముక్కు మూసుకోవడం ఎంత సిగ్గుచేటు!

దక్షిణాఫ్రికా శాస్త్రవేత్తలు ఆ వారం మరో మాట కూడా అన్నారు. విమానాలు ఆగిపోవడంతో వైరస్ జన్యుక్రమం చదవడానికి కావలసిన రసాయనాలు వచ్చే దారి మూసుకుపోతోందట. ప్రపంచమంతా ఒమిక్రాన్ గురించి జవాబులు అడిగింది ఆ ప్రయోగశాలలనే. మనుషుల విమానాల మీద ఆ ప్రభుత్వాల లెక్కలు తేలేదాకా, కనీసం ఆ రసాయనాల పెట్టెలనైనా వెళ్లనివ్వాల్సింది.