చిక్కటి ఆయిల్ గారికి బహిరంగ లేఖ

శ్రీశ్రీశ్రీ చిక్కటి ఇంజనాయిల్ గారి దివ్యసముఖమునకు,

ఉభయకుశలోపరి. ఇక్కడ రోహిణి కార్తె. రోళ్లు పగిలే ఎండలు. పాత 1489 సీసీ పెట్రోలు అంబాసిడర్లలో తమరిని ఇంకా పోయించుకోనివి క్షేమం. తమరి క్షేమం అడగనక్కర్లేదు. "ఎండలు ముదిరాయి సార్, చిక్కటిది పోయించండి, ఇంజను చల్లగా ఉంటుంది" అన్న మాట షెడ్డు షెడ్డునా తీర్థంలా పంచుతుంటే తమరికేం లోటు!

తమరికి ఈ చలవ గుణం ఎవరు అంటగట్టారో గానీ, బేరింగుకూ, అందులో తిరిగే ఇరుసు క్రాంకుకూ మధ్య ఉండేది వెంట్రుకవాసి సందు. అందులో ఆయిల్ నిమిషానికి వేల చుట్లు నలుగుతుంది. ఎంత చిక్కనైతే అంత నలుగుడు, ఎంత నలుగుడైతే అంత వేడి. పైగా ఆ సందులోంచి చురుగ్గా పారితేనే కదా అక్కడి వేడిని మోసుకుపోయేది? తమరు నిదానంగా దయచేస్తారు, అంతకన్నా నిదానంగా సెలవు తీసుకుంటారు.

తమరి కీర్తికంతటికీ మూలం ఆ ప్రెషరు గేజి. పంపు చుట్టుకు ఇంత అని తోస్తుంది. తమరు సందుల్లో దూరనని మొరాయిస్తే ప్రెషరు పెరుగుతుంది, రిలీఫ్ వాల్వు తెరుచుకుంటుంది. మిగిలిన ఆయిల్ బేరింగుల ముఖమైనా చూడకుండా తిరిగి ఇంజను అడుగునున్న ఆయిల్ తొట్టి, అదే చాంబర్లో పడుతుంది. ముల్లు మాత్రం 60 మీద నిలబడుతుంది, ఓనరు ముఖం వెలిగిపోతుంది. పెళ్లిలో భోజనాల గుమ్మం దగ్గర తోపులాట ఉందంటే లోపల పంక్తి జోరుగా సాగుతోందని అర్థమా? ఇంకొందరు మహానుభావులు ఆ వాల్వు స్ప్రింగు వెనక ఒక వాషరు కూడా దూర్చి ముల్లును మరో పది పైకి లేపుతారు. ఇంజను బాగా వేడెక్కాక ఐడిలింగులో 15 పౌండ్లు, రోడ్డు మీద 40, 50 ఉంటే ఈ ఇంజనుకు అదే పరమాన్నం.

డబ్బా మీది 20డబ్ల్యు-40 లాంటి అంకెల సంగతికొద్దాం. డబ్ల్యు అంటే వింటర్. 20డబ్ల్యు అంటే మైనస్ 15 డిగ్రీల చలిలో ఇంజను తిరగడానికి పెట్టిన పరీక్ష. లంబసింగిలో మంచు కురిసినా అంత చలి రాదు. మనకు పని రెండో అంకెతో. అది 100 డిగ్రీల దగ్గరి చిక్కదనం: 40 అంటే 12.5 నుంచి 16.3 సెంటీస్టోక్సు, 50 అంటే 21.9 లోపు, 60 అంటే 26.1 లోపు. తీగపాకం, ముదురుపాకం, అచ్చు పోసుకునే పాకం అనుకోండి. (పాకం కాగేకొద్దీ ముదురుతుంది, ఆయిల్ పలచబడుతుంది. అంతే తేడా.) కొత్తగా బోరు చేయించిన ఇంజనుకు ఏ ఎండలోనైనా 20డబ్ల్యు-40 గానీ 15డబ్ల్యు-40 గానీ చాలు. అరిగి, వేడి మీద ముల్లు పదికి దిగుతుంటే 20డబ్ల్యు-50. అప్పటికీ నిలవక 60 పోయాల్సొస్తే, ఆ డబ్బులు బేరింగులకు దాచుకోవడం మేలు.

న్యాయంగా ఒక మెప్పు కూడా ఇచ్చుకోవాలి. కొత్త కార్లలో మిగిలిన 5డబ్ల్యు-30 తెచ్చి ఈ ఇంజన్లో పోసేవాళ్లకన్నా తమరు నయం. 2004లో ఏపీఐ ఎస్‌ఎం అనే ఆయిల్ ప్రమాణం వచ్చినప్పుడు అలాంటి పలచటి గ్రేడుల్లో ఫాస్ఫరస్‌కు 0.08 శాతం దగ్గర గీత గీశారు. దాంతో జింకూ తగ్గింది. వాల్వులను లేపే కామ్‌షాఫ్టు మీద రుద్దుకుంటూ తిరిగే పాతకాలపు ట్యాపెట్లకు ఆ రెండే కవచం. 40, 50 గ్రేడులకు ఆ గీత వర్తించదు.

అసలు ఆయిల్ చల్లబడేది చాంబరు రేకు వల్ల. కింద గాలి తగిలి ఆరాలి. కారును లేపి చూడండి: ఇరవయ్యేళ్ల గ్రీజు, దానిమీద మట్టి, మళ్లీ గ్రీజు, వేలు మందాన పెచ్చు. మే నెలలో ఇంజనుకు రగ్గు కప్పినట్టు. పుట్టీ బ్లేడుతో గీకి, కిరోసిన్‌తో కడిగితే ఖర్చు ఎంత? ఆపైన టైమింగు వెనకబడిందేమో, కార్బురేటరు పెట్రోలు తక్కువిస్తోందేమో చూసుకోవాలి. డిప్‌స్టిక్ కింది గీత దగ్గరుంటే ఉన్న కాస్త ఆయిలే మాటిమాటికీ తిరిగి కాగుతుంది. పై గీత దాటిస్తే క్రాంకు చిలికి నురగ తెస్తుంది.

ఇక తమరి బావమరిది ఆయిల్ కూలరు గారు, అంటే ఆయిల్‌కు పెట్టే చిన్న రేడియేటరు. ఇదే వంశపు 1798 సీసీ ఇంజనున్న బ్రిటిష్ స్పోర్ట్స్ కారు ఎంజీబీకి ఉంది కదా అని అంబాసిడరుకూ తగిలిస్తున్నారు. ఊళ్లో తిరిగే కారుకు అది దండగ. ఆయిల్ సరిగ్గా కాగకపోతే లోపలి తేమ ఆవిరవదు. ఆయిల్ పోసే మూత కింద వెన్నలా తెల్లటి మీగడ కనిపిస్తే అదే సంగతి. హైవే మీద ఆయిల్ 120 డిగ్రీలు దాటి దిగనంటేనే ఆయన్ను పిలవండి. ఎనభై దగ్గర తెరుచుకునే థర్మోస్టాటు తప్పనిసరి. పైపులు ప్రెషరుకు తట్టుకునే క్రింపింగువి వెయ్యాలి. నీళ్ల పైపు పెట్టి క్లిప్పు బిగిస్తే, అది ఊడిన నిమిషంలో చాంబరు ఖాళీ. బిగించాక స్పార్కు ప్లగ్గులు తీసి, ముల్లు లేచేదాకా సెల్ఫ్ కొట్టి, తగ్గిన అరలీటరో ఎంతో మళ్లీ పోయాలి. బేరింగు పోయిన ఇంజను కూలరును మాత్రం ఎంత కడిగినా నమ్మకండి, అరిగిన లోహపు ముక్కలు దాని గొట్టాల వరసల్లోనే నక్కి ఉంటాయి.

ఇట్లు,
తమరి రాక కోసం సెల్ఫ్ కొట్టిన ప్రతి పొద్దునా ఎండిన నాలుకలతో ఎదురుచూసే,
మూడు మెయిన్ బేరింగులు

తా.క.: తమరిని ఇంకాస్త చిక్కబరిచే తేనెలాంటి మందు డబ్బా ఒకటి కారు అమ్మే ముందురోజు పోస్తారట. కొనేవాళ్లు ఇంజను చల్లగా ఉన్నప్పుడు గేజి చూడకుండా, ఒక అరగంట తిప్పి తెచ్చాక ఐడిలింగులో చూడగలరు.