పనిచేసే కంప్యూటర్లకు ప్రవేశం లేదు

ఇంగ్లండులో పాత హోమ్ కంప్యూటర్ల అభిమానులు ఏటా ఏదో ఒక హాలు అద్దెకు తీసుకుని జరుపుకునే సమావేశాలకు కార్యక్రమ పట్టిక తయారుచేసే పెద్దలకు ఒక విన్నపం. పోటీలు, ప్రసంగాలు, బహుమతులు అంటూ తమరు పడుతున్న ప్రయాస యావత్తూ అనవసరం. 1982లో సింక్లెయిర్ సంస్థ విడుదల చేసిన హోమ్ కంప్యూటర్ స్పెక్ట్రమ్‌ను బల్లమీద పెట్టి, దానిలోకి క్యాసెట్ టేపు నుంచి ఒక్క ఆటను ఎక్కించబూనితే చాలు, భోజనాల వేళ దాకా మరో కార్యక్రమంతో పని ఉండదు.

ఆ క్రతువును గమనించండి. రబ్బరు మీటల్లో 'జె' నొక్కగానే 'లోడ్' అనే మాట మొత్తం తెరమీద పడుతుంది. సింబల్ షిఫ్ట్ పట్టుకుని 'పి' రెండుసార్లు నొక్కి, ఎంటర్ కొట్టి, టేప్ రికార్డర్ నడిపిస్తే చెవులు చిల్లులు పడే కీచు ధ్వనితో పాటు తెర అంచున ముందు ఎరుపు, లేతనీలం చారలు, ఆ వెనుక నీలం, పసుపు చారలు పరుగెడతాయి. 48 కిలోబైట్ల ఆట ఎక్కడానికి దాదాపు ఐదు నిమిషాలు పడుతుంది. అంతా అయిపోవచ్చిందనగా 'ఆర్ టేప్ లోడింగ్ ఎర్రర్' అని, అంటే ఎక్కించడం చెడిందని, తెర ప్రకటించినప్పుడు, చుట్టూ మూగిన పెద్దమనుషుల ముఖాల్లో వెలిగే తృప్తి ఏ బహుమతి ప్రదానంలోనూ కనిపించదు. ఒకాయన జేబులోంచి సన్నని స్క్రూడ్రైవర్ తీసి టేప్ హెడ్ వాలును సరిచేస్తాడు. మరొకాయన వాల్యూమ్ ఎక్కువైందంటాడు, ఇంకొకాయన తక్కువైందంటాడు. ఇంతకు మించిన సదస్సు ఏముంటుంది?

పోటీ ఉండి తీరాలంటే అదే సంస్థవారి 1981 నాటి జెడ్‌ఎక్స్81ను తెప్పించండి. దాని సొంత జ్ఞాపకశక్తి 1 కిలోబైటు. వీపుకు వదులుగా తగిలించే 16 కిలోబైట్ల అదనపు జ్ఞాపకశక్తి పెట్టె, అంటే ర్యామ్ ప్యాక్, కాస్త కదిలిందా, గంటసేపు టైపు చేసిన ప్రోగ్రామ్ హరీమంటుంది. ఊపిరి బిగబట్టి ఎక్కువ వరుసలు కొట్టినవారే విజేత.

పోటీ కంప్యూటరైన కమోడోర్ 64 వర్గీయుల బల్లలను మాత్రం హాలుకు రెండో చివర వేయించాలి. తమ కంప్యూటర్‌లో ధ్వని పుట్టించే సిడ్ చిప్ మూడు గొంతులతో పాడుతుందని వారు అంటారు. అది నిజమే కావడం మరీ ఇబ్బందికరం. స్పెక్ట్రమ్‌లో ఎనిమిదికెనిమిది చుక్కల గడికి రెండు రంగులే కనుక, వీరుడు గోడ పక్కకు వెళ్లగానే గోడ రంగులోకి తిరుగుతాడు. దీన్ని లోపమనేవారికి అద్వైతం అర్థం కాలేదన్నమాట.

భారతదేశం నుంచి వచ్చిన అతిథుల కోసం బీబీసీ మైక్రో అనే కంప్యూటర్ ఒకటి విడిగా ఉంచడం మర్యాద. బడిపిల్లలకు కంప్యూటర్ పరిచయం చేయడానికి 1984లో మొదలైన క్లాస్ పథకం కింద మన బడులకు చేరినది అదే. ఆనాటి అనుభూతి చెడకుండా, గది బయట చెప్పులు విప్పించి, పదిమందిని దాని చుట్టూ నిలబెట్టి, మీటలు మాత్రం మాస్టారొక్కరే నొక్కాలి.

ల్యాప్‌టాప్‌లో పాత కంప్యూటర్‌ను అనుకరించే ఎమ్యులేటర్ ప్రోగ్రామ్ పెట్టుకుని వచ్చి, అదే ఆటను రెప్పపాటులో తెరిచి చూపించే రసహీనులను సగౌరవంగా టీ బల్ల దగ్గరికి సాగనంపండి.

ఇక మిగిలింది ఒక్క గండం. ఖర్మకాలి ఏ సాయంత్రమో ఆట నిక్షేపంగా ఎక్కేసిందంటే, ఎవరో ఒకరు దాన్ని ఆడవలసి వస్తుంది. కార్యవర్గం కంగారుపడనక్కరలేదు. స్పెక్ట్రమ్‌కు స్విచ్చు అంటూ ఏదీ లేదు కాబట్టి, టీ కప్పు అందుకునే నెపంతో కరెంటు వైరును కొంచెం లాగితే సరిపోతుంది.