పది గోలీలిచ్చి పంపిస్తే బీపీ ఆగుతుందా?

మా పెద్దమ్మకు బీపీ ఉందని 2019లోనే తెలుసు. ఏ మందు వేసుకోవాలో తెలుసు, ఎక్కడిస్తారో తెలుసు. అయినా పోయిన సంక్రాంతి తర్వాత ఒకరోజు పొద్దున పళ్లు తోముకుంటుంటే చేతిలో చెంబు జారిపోయింది. మూతి వంకర పోయింది, కుడి చెయ్యి లేవలేదు. పక్షవాతం.

"గోలీలు మానేస్తే ఇట్లనే అయితది" అన్నాడు చుట్టాల్లో ఒకాయన, మంచం పక్కనే నిలబడి. అప్పటి నుంచి ఈ పోస్టు రాయాలనుకుంటున్నా.

ఆమె ఎందుకు మానేసిందో లెక్క చెప్తా. ఊరికి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం తొమ్మిది కిలోమీటర్లు. రానూపోనూ ఆటోకు ఎనభై రూపాయలు. చీటీకి ఒక లైను, బీపీ చూడటానికి ఒక లైను, మందులకు ఇంకో లైను. ఇల్లు చేరేసరికి ఒంటిగంట దాటుతుంది, ఆ రోజు పత్తి ఏరే కూలి పోయినట్టే. ఇంతా చేస్తే చేతిలో పెట్టేది పది గోలీలు. "స్టాకు లేదమ్మా, మళ్లీ రా." నెలకు మూడు కూలీలు పోగొట్టుకుని ఎవరు తిరుగుతారు? నేనైతే తిరగను. ఆ చుట్టం కూడా తిరగడు, ఆయన వీధి చివర మెడికల్ షాపులో కొనుక్కుంటాడు.

పైగా బీపీకి నొప్పి ఉండదు. 180 ఉన్నా మనిషి నాట్లేసి వస్తుంది. "తల నొస్తలేదు, కండ్లు తిరుగుతలేవు. మంచిగనే ఉన్న గదా బిడ్డా, ఇంక గోలీ ఎందుకు?" అనేది పెద్దమ్మ. అలాంటి మనిషితో రోజూ మందు వేయించడమే కష్టం. ఆ మందు కోసం పది రోజులకోసారి ఆటో ఎక్కమంటే ఇంకేం వేసుకుంటుంది?

మందు ఖరీదా అంటే అదీ కాదు. బీపీకి ఇచ్చే ఆమ్లోడిపిన్ గోలీ జన ఔషధి షాపులో రూపాయి లోపే. ప్రపంచంలో 30 నుంచి 79 ఏళ్ల వాళ్లలో దాదాపు 130 కోట్ల మందికి బీపీ ఉందని, ఐదుగురిలో ఒక్కరికే అదుపులో ఉందని 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. వాళ్లలో ఎక్కువ మంది మనలాంటి దేశాలవాళ్లే. రూపాయి గోలీ ఉన్న రోగానికి ఈ లెక్క చూస్తే ఒళ్లు మండుతుంది.

ఏం చేయాలో తెలియదా? తెలుసు. 2017లో ఇండియా హైపర్‌టెన్షన్ కంట్రోల్ ఇనిషియేటివ్ అని, అంటే బీపీని అదుపులో పెట్టే ప్రభుత్వ కార్యక్రమం, మొదలుపెట్టారు. తొలి విడతలో 5 రాష్ట్రాలు, 25 జిల్లాలు, వాటిలో తెలంగాణ జిల్లాలూ ఉన్నాయి. అందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు. డాక్టరుకో మందు కాకుండా రాష్ట్రమంతా ఒకటే మందుల వరుస, బీపీ 140/90 కిందికి దిగకపోతే ఆ వరుసలో తర్వాతి మెట్టు, స్టాకు అయిపోకముందే తెప్పించడం, రాని మనిషికి ఫోన్ చేయడం. 2022లో దీనికి ఐక్యరాజ్యసమితి అవార్డు కూడా వచ్చింది. సంతోషమే. ఆ పద్ధతి మా పెద్దమ్మ లైను దాకా రాలేదు, అంతే.

ఇంకో మాట. 2020 ఏప్రిల్‌లో, లాక్‌డౌన్‌లో, పాత బీపీ, షుగర్ వాళ్లకు మూడు నెలల దాకా మందులు ఆశా వర్కర్ల చేత పంపొచ్చని కేంద్రమే చెప్పింది. మా ఊళ్లో పంపారు కూడా. ఆ రోజుల్లో పెద్దమ్మ ఒక్క గోలీ తప్పలేదు. అప్పుడు కుదిరింది ఇప్పుడెందుకు కుదరదు?

బీపీ చూసే తీరు గురించి కూడా చెప్పాలి. ఆటో దిగి వచ్చిన మనిషిని స్టూలు మీద కూర్చోబెట్టి, జాకెట్టు చేతి మీదే పట్టీ చుట్టి, ఊరి సంగతులు అడుగుతూ చూస్తారు. అసలైతే ఐదు నిమిషాలు కుదురుగా కూర్చోవాలి, వీపు ఆనాలి, చెయ్యి గుండె ఎత్తులో ఉండాలి, మాట్లాడకూడదు. సిస్టర్లను తిట్టడం లేదు, ఒక్కరే ఉంటే వందమందికి ఎలా చూస్తారు? అందుకే ఒకసారి 130, ఇంకోసారి 170. పెద్దమ్మకు 130 ఒక్కటే గుర్తుండిపోయింది.

ఇక "పచ్చళ్లు తగ్గించమ్మా" అనే సలహా. నిజమే, ఉప్పు రోజుకు 5 గ్రాములు దాటకూడదు. కానీ కూర వండటానికి టైము లేక పచ్చడి మెతుకులతో కూలికి పోయే మనిషికి అది చెప్పి పంపేసి, పని అయిపోయిందనుకుంటే ఎలా?

మే 17న ప్రపంచ హైపర్‌టెన్షన్ డే. ఫ్లెక్సీ కడతారు, క్యాంపు పెడతారు, ఫొటోలు దిగుతారు, కొత్త బీపీలు బయటపడతాయి. వాళ్లకూ మర్నాటి నుంచి అదే తొమ్మిది కిలోమీటర్లు.

మొన్న ఊరెళ్లినప్పుడు పెద్దమ్మ మందుల కవరు తీసి చూశాను. ఈసారి పదిహేను ఇచ్చారు. తెచ్చింది పెదనాన్న, ఆ రోజు ఆయన కూలి మానుకుని.